మ్యాక్‌కు ఫోన్‌ పోలికలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పదిహేనేళ్లుగా ఆపిల్‌ వారి మ్యాక్‌ కంప్యూటర్‌ మీదే అనువాదాలు చేసుకుంటున్నాను. దాని ఆపరేటింగ్‌ సిస్టమ్‌లో టహో అనే వెర్షన్‌ వేసుకున్నాక నా కంప్యూటర్‌ మా అబ్బాయి ఫోన్‌ను సాగదీసినట్టు కనిపిస్తోంది. సెట్టింగుల్లో దేనికోసం ఎక్కడ వెతకాలో తెలియడం లేదు; అప్లికేషన్ల బొమ్మలన్నీ తెరనిండా పరిచి చూపే, అలవాటైన లాంచ్‌ప్యాడ్‌ మాయమైంది. ఇది వయసుతో వచ్చిన చాదస్తమా, నిజంగానే ఏదైనా పోయిందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చాదస్తం కాదు. అయితే మీ ఉత్తరంలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. ఒకటి కంటికి సంబంధించినది, రెండోది చేతికి సంబంధించినది.

కంటి సంగతి నిన్న మొన్నటిది కాదు. ఐప్యాడ్‌లో పనికొచ్చినవాటిని మ్యాక్‌కు తెస్తామని ఆపిల్‌ సంస్థ 2010 అక్టోబరులోనే ప్రకటించి, 2011 జులైలో విడుదలైన లయన్‌ వెర్షన్‌లో ఆ పని మొదలుపెట్టింది. లాంచ్‌ప్యాడ్‌ వచ్చింది అప్పుడే. వేళ్లు ఎటు జరిపితే పేజీ అటే జరిగేట్టు స్క్రోల్‌ దిశ తిరగబడిందీ అప్పుడే. 2020లో బిగ్‌ సర్‌ వెర్షన్‌తో, ఫోన్‌లో మాదిరి ముఖ్యమైన మీటలన్నీ ఒకచోట చూపే కంట్రోల్‌ సెంటర్‌, మూలలు గుండ్రంగా ఉండే ఐకాన్లు వచ్చాయి. 2025 సెప్టెంబరులో టహోతో గాజులాంటి మెనూలు చేరాయి. ఇందులో చిన్న తమాషా ఉంది. ఫోన్‌ నుంచి అరువు తెచ్చిన వస్తువని ఆనాడు మ్యాక్‌ పాతకాపులు ముఖం చిట్లించింది ఈ లాంచ్‌ప్యాడ్‌ను చూసే. ఇప్పుడు దాన్ని తీసేశారని బాధపడుతున్నవారిలో మీరూ ఉన్నారు, నేనూ ఉన్నాను.

చేతి సంగతి ఇంతకంటె బరువైనది. 2022లో వెంచురా వెర్షన్‌ వచ్చేదాకా మ్యాక్‌ సెట్టింగులు ఒకే పలకమీద వరుసలు వరుసలుగా పేర్చిన బొమ్మలుగా ఉండేవి. వంటింట్లో పోపుడబ్బా ఏ అరలో ఉందో చూడకుండానే చెయ్యి అటు వెళ్లినట్టు, కావలసిన బొమ్మ మీదికి బాణం గుర్తు దానంతట అదే వెళ్లేది. వెంచురా ఆ పలకను తీసేసి, ఐఫోన్‌లో ఉన్నట్టే నిలువుగా సాగే పొడవాటి జాబితాను పెట్టింది. అరచేతిలో పట్టే సన్నటి తెరకు జాబితా తప్ప దారిలేదు కాబట్టి ఫోన్‌లో అది సబబే. ఇరవయ్యేడు అంగుళాల తెర మీద కూడా ఆ సెట్టింగుల విండోను పొడవుకు లాగవచ్చు గాని వెడల్పుకు లాగడానికి వీల్లేకుండా విడుదల చేయడాన్ని మాత్రం నేను సమర్థించలేను. తెలుగు కీబోర్డు చేర్చుకునే పనే చూడండి. పాత పద్ధతిలో కీబోర్డు బొమ్మ నొక్కి, ఇన్‌పుట్‌ సోర్సెస్‌ అన్న ట్యాబ్‌ తెరిచి, కూడిక గుర్తు నొక్కితే సరిపోయేది. ఇప్పుడు జాబితాలో కిందికంటా జరిగి కీబోర్డును పట్టుకుని, ఆ పేజీలో టెక్స్ట్‌ ఇన్‌పుట్‌ అన్న భాగం వెతికి, అక్కడ ఎడిట్‌ నొక్కి, తెరుచుకున్న మరో విండోలో ఆ కూడిక గుర్తును పట్టుకోవాలి. మీరు పోగొట్టుకున్నది ఈ చేతి జ్ఞాపకాన్ని.

సర్దుబాటుకు కొన్ని ఉపాయాలున్నాయి. సెట్టింగులు తెరిచి ఉండగా పైనున్న మెనూలో వ్యూ నొక్కితే అన్ని విభాగాలూ అక్షరక్రమంలో కనబడతాయి. ఎందుకో ఈ సంగతి చాలామందికి తెలియదు. గాజు మెనూల మీద అక్షరాలు అలుక్కుపోతుంటే యాక్సెసిబిలిటీ విభాగంలో, డిస్‌ప్లే కింద, రెడ్యూస్‌ ట్రాన్స్‌పరెన్సీని ఆన్‌ చేయండి. లాంచ్‌ప్యాడ్‌ బదులు కమాండ్‌, స్పేస్‌ మీటలు కలిపి నొక్కి అప్లికేషన్‌ పేరులో రెండు మూడు అక్షరాలు కొట్టడం అలవాటు చేసుకుంటే, వారం తిరిగేసరికి పాతదాని ఊసే ఎత్తరు.

ప్రశ్న: నేను ఫోన్‌ వాడుతూ పెరిగి, కాలేజీలో చేరాక మ్యాక్‌ కొనుక్కున్నాను. ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. పెద్దవాళ్లు ఎందుకు సణుగుతున్నారో అర్థం కాదు. నా దృష్టిలో పూర్తిగా ఫోన్‌లా మారిపోతేనే మేలు.
– ఒక విద్యార్థి, వరంగల్‌

జవాబు: మీకు సులువుగా రావడం ఈ మార్పుల పుణ్యమే; దాన్ని కాదనను. కాని ‘పూర్తిగా’ అన్న మాట దగ్గర ఆగుదాం. ఆ ప్రయోగం మైక్రోసాఫ్ట్‌ ఒకసారి చేసింది. 2012 అక్టోబరు 26న వచ్చిన విండోస్‌ 8లో స్టార్ట్‌ బటన్‌ తీసేసి, వేలితో తాకడానికి అనువైన పెద్ద పెద్ద పలకలతో తెరంతా నింపింది. మౌస్‌తో పనిచేసేవారు కంప్యూటర్‌ను ఆపడమెలాగో తెలియక తెర మూలలు తడుముకున్నారు. ఏడాదికల్లా 8.1లో బటన్‌, 2015లో విండోస్‌ 10తో మెనూ తిరిగొచ్చాయి. నిలువుగా నిలబడిన తెరను తాకుతూ పనిచేస్తే కొంతసేపటికి చెయ్యి ఊడిపడేట్టుంటుందని 2010లోనే ఆపిల్‌ అధినేత స్టీవ్‌ జాబ్స్‌ చెప్పాడు.

నన్ను కలవరపెట్టేది రూపం కాదు, అనుమతులు. 2018 నుంచి మ్యాక్‌లో అప్లికేషన్లు కెమెరా, మైకు వాడాలంటే ఫోన్‌లో మాదిరే మనల్ని అడగాలి. అది మంచిదే. ఆపిల్‌ తనిఖీ ముద్ర లేని ప్రోగ్రామును కంట్రోల్‌ మీట నొక్కి పట్టుకుని తెరిచే అడ్డదారిని మాత్రం 2024లో సెక్వోయా వెర్షన్‌ మూసేసింది. ఇప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లి విడిగా ఒప్పుకోవాలి. మోసగాళ్లు ఆ దారినే జనాన్ని నడిపిస్తున్నప్పుడు మూయడంలో న్యాయం ఉంది. అయినా నా డబ్బుతో కొన్న యంత్రంలో ఏది నడవాలో చెప్పే ఆఖరి మాట నాదే కావాలి. తలుపు ఇంకా తెరిచే ఉంది, గడప మాత్రం ఎత్తు పెరిగింది.

ప్రశ్న: పైకి ఎలా ఉన్నా లోపల మ్యాక్‌, ఐఫోన్‌ వేరువేరేనా?
– ఒక పాఠకుడు, హ్యూస్టన్‌

జవాబు: పునాదులు చాలావరకు ఒకటే, ఆ సంగతి మన భాషే లోకానికి చూపించింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక విడదీత సంకేతంతో, సందేశంగా వస్తే ఐఫోన్‌లో అప్లికేషన్లు కుప్పకూలేవి. మ్యాక్‌లోనూ అదే జరిగింది, ఎందుకంటే అక్షరాలను కూర్చి తెరమీద గీసే భాగం రెండింటికీ ఉమ్మడిది. ఆ నెల 19న రెండింటికీ ఒకేరోజు మరమ్మతు వచ్చింది. జబ్బు ఉమ్మడి, మందూ ఉమ్మడే. ఆ సంకేతం లేకుండా రాశాను కాబట్టి, పాత ఐఫోన్‌లో చదువుతున్నవారు కూడా కంగారుపడనక్కరలేదు.