కెల్పీని నీటిగుర్రం అనవచ్చునా?

సందేహం: స్కాట్లాండు జానపద కథల్ని పిల్లల కోసం తెలుగు చేస్తున్నాను. వాటిలో 'కెల్పీ' అనేది గుర్రం రూపంలో వచ్చి మనుషుల్ని నీళ్లలోకి లాక్కుపోతుంది. 'నీటిగుర్రం' అని రాస్తే మా అబ్బాయి హిప్పో అనుకుని ఒకటే నవ్వు. 'నీటిదయ్యం' అనడానికి నాకు మనసొప్పడం లేదు. బ్రౌనీ, బాన్షీలకు కూడా తెలుగు మాటలు చెప్పగలరా? (ఒక పాఠకురాలు)

సమాధానం: మనసొప్పనందుకు సంతోషం అమ్మా. ఈమధ్య అనువాదాల్లో రెక్కలున్నదీ దయ్యమే, ఇల్లు ఊడ్చిపెట్టేదీ దయ్యమే. పాపం, దైవానికి వికృతిగా పుట్టి ఒకప్పుడు దేవుడన్న అర్థంలోనే బతికిన మాట అది. ఇప్పటికే చాలా దిగజారింది, ఇక వదిలేద్దాం.

మీ అబ్బాయి నవ్వులో మాత్రం పెద్ద విషయమే ఉంది. కెల్పీ మాట పుట్టుక ఇంకా తేలలేదు. స్కాట్లాండు పాత భాష గేలిక్‌లో పెయ్యకో గుర్రప్పిల్లకో ఉన్న పేరు నుంచి వచ్చి ఉంటుందని ఊహ. కానీ దీనికి అన్నలాంటిది ఒకటుంది. కెల్పీ వాగుల్లో, రేవుల్లో ఉంటే, అది పెద్ద మడుగుల్లో, సముద్రంలో ఉంటుంది. సాధువైన గుర్రంలా గట్టున మేస్తుంటుంది. పిల్లలు ముచ్చటపడి ఎక్కితే వాళ్ల చేతులు దాని ఒంటికి అతుక్కుపోతాయి. మర్నాడు కాలేయం ఒక్కటే ఒడ్డుకు తేలుతుంది. దాని పేరు 'ఎఖ్ ఉష్కె'. ఎఖ్ అంటే గుర్రం, ఉష్కె అంటే నీరు. విస్కీ అన్న మాట కూడా ఈ ఉష్కె నుంచి వచ్చిందే.

ఇక్కడ నేను కాస్త ఆగకుండా ఉండలేను. ఈ ఎఖ్, సంస్కృత 'అశ్వం', లాటిన్ 'ఎక్వుస్', గ్రీకు 'హిప్పోస్' ఒక్క తల్లి బిడ్డలు. ఉష్కె కూడా మన 'ఉదకం'కి దూరపు చుట్టమే. ఎక్కడి స్కాట్లాండు మడుగు, ఎక్కడి సంధ్యావందనం చెంబు! హిప్పోపొటమస్ అంటే గ్రీకులో ఏటి గుర్రం. అంటే మీ అబ్బాయి కెల్పీని, హిప్పోని కలిపేశాడంటే ఒక విధంగా గ్రీకులతో ఏకీభవించినట్టే. మన 'గుర్రం' ఈ వంశంలోది కాదు, తమిళ కుదిరై, కన్నడ కుదురెల వైపు మనిషి అంటారు. అయితే గుర్రానికీ నీటికీ ముడి మనకూ కొత్త కాదు. ఉచ్చైశ్రవం పాలకడలిలోంచే వచ్చింది. సముద్రం అడుగున మండే బడబాగ్నిలో 'బడబ' అంటే ఆడగుర్రమే. రోజూ 'ఆకలి బడబాగ్నిలా ఉంది' అనేవాళ్లలో ఎంతమందికి ఆ గుర్రం కనిపిస్తుందో!

కెల్పీ గురించి నాకు నచ్చిన మాట స్కాట్లాండు కవి రాబర్ట్ బర్న్స్‌ది. రైతుబిడ్డ కదా, భయాన్ని కూడా రుతువు చూసి రాశాడు. 1786లో అచ్చయిన తన తొలి పుస్తకంలో సైతానుని ఆటపట్టిస్తూ ఒక పద్యం చెప్పాడు. మంచు కరిగి, గడ్డకట్టిన ఏరు పగిలి గలగలమనే వేళ కెల్పీలు రేవుల్లో కాపు వేస్తాయట, చీకటిపడిన బాటసారిని ముంచడానికి. ఆ వేళ ఏరు ఎంత ప్రమాదమో దాటేవాడికి తెలుసు. పద్యంలో ఆ తడి ఉంది. 'నీటిదయ్యం'లో లేదు.

ఇంతకీ ఏం రాయాలి? 'జలాశ్వం' వ్యాకరణం ప్రకారం సరే, కానీ పిల్లల నోట పలకదు. నన్నడిగితే మొదటిసారి 'కెల్పీ అనే ఏటి మాయగుర్రం' అని రాసి, తర్వాత కెల్పీ అనే నడిపించండి. 'మాయ' చేర్చడం వల్ల హిప్పో పక్కకు తప్పుకుంటుందని నా ఆశ. తప్పుకోకపోతే మీ అబ్బాయినే ఇంకో మాట అడగండి. ఆస్ట్రేలియాలో కెల్పీ అనే గొర్రెలు కాసే కుక్కజాతి కూడా ఉంది, దాని జోలికి పోకండి.

బాన్షీ అంటే, ఒక ఇంట్లో చావు రాబోతోందని ముందే ఏడ్చే స్త్రీ. మూలంలో ఆ మాటకు 'దేవతల దిబ్బ మీది ఆడమనిషి' అని అర్థం. 'ఏడుపు దయ్యం' అని మాత్రం దయచేసి రాయకండి. బ్రౌనీ రాత్రిపూట ఇంటిపనులు చేసిపెట్టి, గిన్నెడు మీగడతో తృప్తిపడే పొట్టివాడు. కొత్త బట్టలిస్తే ఇల్లు వదిలి వెళ్లిపోతాడు. పేరు అలాగే ఉంచండి, బేకరీ బ్రౌనీ కాదని ఒక ముక్క రాస్తే చాలు.