బండి దగ్గర తింటున్నారని దోస్తానా మాన్పించాలా?

అక్కా, మీ బాబు తొమ్మిదో తరగతిలో కొత్త దోస్తులు కలిసినప్పటి నుంచి సాయంత్రాలు నూడుల్స్ బండి దగ్గరే ఉంటున్నాడని, ఆటలు బంద్ చేశాడని, ఆ స్నేహం మాన్పించాలా అని అడిగారు. మాన్పించొద్దు. నేను మహబూబ్‌నగర్ దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో పీఈటీని, అంటే ఆటల టీచర్‌ని. ఈ వయసులో ఒక్కడిని మార్చాలంటే మారడు, గుంపు మారితే వాడూ మారతాడు.

బండి దగ్గర కాసేపు నిలబడి చూడండి. తలా పది రూపాయలు వేసుకుని రెండు ప్లేట్లు తీసుకుంటారు, చుట్టూ మూగి తింటారు. ఆకలి లేనివాడూ చెయ్యి పెడతాడు. పెట్టకపోతే "ఏంరా, ఇంట్ల తిడతరా?" అంటారు. ఆ మాట పడటం కన్నా తినడమే నయం వాడికి. మీరు డబ్బులు ఆపితే పక్కవాడి దగ్గర అప్పు చేస్తాడు. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్నవి బడి గేటుకు 50 మీటర్ల లోపు అమ్మొద్దని 2020 నిబంధనలు ఉన్నాయి. కానీ పిల్లలు ఆ 50 మీటర్లు దాటి పోతారు, కలిసి నడవడమే వాళ్లకు ఇష్టం.

ప్రతి గుంపులో ఒకడి మాట మిగతావాళ్లు వింటారు. మా బడిలో అలాంటివాడిని కబడ్డీకి పిలిచాను, వాడి వెనకే అందరూ వచ్చారు. బండి గురించి నేను ఒక్క మాట అనలేదు. కడుపు నిండా నూడుల్స్ తిని కూతకు పోతే ఊపిరి అందదని వాళ్లకే తెలిసింది. ఇప్పుడు ఆట అయ్యాక ఉడకబెట్టిన పల్లికాయ పంచుకుంటారు. ఈ వయసు పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాల శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆటలో పడితే ఆ గంట ఎట్ల గడిచిందో వాళ్లకు తెలియదు.

అమ్మాయిల విషయంలో నాకు బెంగ ఇంకా ఎక్కువ. ఒక అమ్మాయిని ఎవరైనా "లావైనవే" అంటే చాలు, నలుగురూ మధ్యాహ్న భోజనం రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంటారు, గుడ్డు కూడా ముట్టరు. 2019–21 జాతీయ సర్వేలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతానికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆ వయసులో తిండి మానితే ఎలా? గ్రౌండ్‌కు ఒక్కమ్మాయిని పిలిస్తే రాదు, జంటగా పిలిస్తే వస్తారు.

మీరు ఒక ఆదివారం ఆ పిల్లలందరినీ ఇంటికి పిలవండి. జొన్నరొట్టె, కోడికూర పెట్టండి. ఎవడి మాట చెల్లుతుందో అక్కడే తెలుస్తుంది. తర్వాత బడిలో పీఈటీ సార్‌ను కలిసి, వీళ్లందరినీ ఒకే టీంలో వేయమని అడగండి. గుట్కా, సిగరెట్ వాసన తగిలితే మాత్రం ఇదేదీ చాలదు, ఆ రోజే క్లాస్ టీచర్‌తో మాట్లాడండి.