యానాదుల క్యాసెట్లు: భద్రపరచడం, బయటపెట్టడం

ప్రశ్న: మాది గుంటూరు దగ్గరి యానాదుల కాలనీ. మా పెద్దలు పాడిన పాటలను, పూజల వేళ చెప్పుకునే మాటలను, మందు మొక్కల వివరాలను తాతయ్య ఒకప్పుడు క్యాసెట్లలో రికార్డు చేశారు. వాటిని యూట్యూబ్‌లో పెడితే ఎప్పటికీ ఉంటాయని స్నేహితులు చెబుతున్నారు. పూజల సంగతులు, మందుల సంగతులు బయటివాళ్లకు వినిపించవద్దని నాయనమ్మ అంటోంది. ఏం చేయాలి?
– ఒక డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: మీ నాయనమ్మగారు అడ్డు చెబుతున్నది బయటపెట్టడానికే గాని, భద్రపరచడానికి కాదు. ఈ రెండూ వేర్వేరు పనులు. భద్రపరిచే పని వెంటనే మొదలుపెట్టండి. క్యాసెట్ టేపు మీది అయస్కాంత పూత తేమకు, వేడికి క్రమంగా పాడవుతుంది. మన కోస్తాలో ఈ రెండింటికీ కొదవ లేదు. టేపు మీద బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టకుండా, అనుభవం ఉన్నవారికి చూపించండి. బాగున్నవాటిని, హెడ్ (టేపును చదివే భాగం) శుభ్రంగా ఉన్న మంచి ప్లేయర్ నుంచి కంప్యూటర్‌లోకి, శబ్దాన్ని ఏమీ వదలకుండా దాచే వేవ్ (WAV) ఫైలుగా, నాణ్యత సెట్టింగు కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌గా పెట్టి ఎక్కించండి. ఎంపీ3 ఫైలు చిన్నదిగా ఉండేందుకు శబ్దంలో కొంత భాగాన్ని వదిలేస్తుంది కాబట్టి, దాన్ని విని చూసుకోవడానికే వాడుకోండి. గరగర వినిపిస్తోందని అసలు ఫైలును సవరించవద్దు.

అంతకంటే ముఖ్యమైనది, ఫైలుతో పాటు వివరం రాసి ఉంచడం. పాడినదెవరు, ఏ ఊరు, ఏ సందర్భం, ఆ పాట ఎవరు పాడవచ్చు అనేవి ఇప్పుడు నాయనమ్మగారి వంటి పెద్దలకే తెలుసు. వారిని కూర్చోబెట్టుకొని ఒక్కొక్క క్యాసెట్టే వింటూ రాసుకోండి. ఏది ఎవరు వినవచ్చో తేల్చవలసిందీ అప్పుడే, వారి నోటితోనే.

ఇలా ఆలోచించినవారు ఇతర దేశాల్లోనూ ఉన్నారు. ఆస్ట్రేలియాలోని టెనంట్ క్రీక్ ప్రాంతపు వారుముంగు ఆదివాసులకు పాత ఫోటోలు తిరిగి చేరినప్పుడు, చనిపోయినవారి బొమ్మలు ఎవరు చూడవచ్చు, ఆడవారికి మాత్రమే లేదా మగవారికి మాత్రమే చెందినవేవి అన్న తమ కట్టుబాట్లనే కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నారు. అలా 2007లో రూపొందిన వారి భాండారం నుంచే ముకుర్తు అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చింది. అందులో ప్రతి వస్తువుకూ ఎవరికి అనుమతి ఉందో ఆ సమాజమే నిర్ణయించుకోవచ్చు. యూట్యూబ్ అలా కాదు: అక్కడ బహిరంగంగా పెట్టినదాన్ని ఎవరు కాపీ చేసుకున్నా మీకు తెలియదు, తరువాత మీరు తొలగించినా ఆ కాపీలు పోవు.

మందుల విషయంలో మీ నాయనమ్మగారి భయం న్యాయమైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను. 1987లో కేరళలోని అగస్త్యమలై కొండల్లో దారి చూపడానికి వచ్చిన కాణి తెగవారు ఆరోగ్యపచ్చ అనే మొక్క గురించి శాస్త్రవేత్తలకు చెప్పగా, దాని నుంచి జీవని అనే మందు తయారైంది. వచ్చిన ఆదాయంలో కాణి ప్రజలకు వాటా ఇచ్చే ఏర్పాటు చేశారు, అది మెచ్చుకోదగినదే. అయినా తమ విద్యను అలా చెప్పి ఉండకూడదని ఆ తెగ వైద్యులు కొందరు అభ్యంతరం తెలిపారు. ఒకరిద్దరు ఒప్పుకున్నంత మాత్రాన తెగ అంతా ఒప్పుకున్నట్టు కాదు గనుక, మీరు కూడా మీ ఇంటివారి మాటతోనే ఆగకుండా కాలనీ పెద్దలందరినీ, ముఖ్యంగా మందులిచ్చేవారిని అడగండి. పెళ్లి పాటలు, పని పాటలు వినిపించడానికి వారు ఒప్పుకుంటే, అవి యూట్యూబ్‌లోకి వెళ్లినా తప్పు లేదు.

దాచే చోటు గురించి కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ ఇళ్లలోకి నీరు చేరినప్పుడు, ఉన్న ఒక్క కాపీనీ ఇంట్లోనే ఉంచుకుంటే ఏమవుతుందో మన ప్రాంతం చూసింది. మూడు కాపీలు చేయండి: రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో, ఒకటి వేరే ఊళ్లో మీరు నమ్మే బంధువుల ఇంట్లో. ఏటా ఒకసారి ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసి, ఐదారేళ్లకొకసారి కొత్త డిస్కులోకి మార్చండి. పరిమితులున్న ఫైళ్లకు పాస్‌వర్డ్ పెట్టి, అది కాలనీలో కనీసం ఇద్దరికి తెలిసేలా చూడండి. పాత క్యాసెట్లను మాత్రం పారేయవద్దు.