మూత ఎగిరిన కథ, డబ్బా నొక్కుకుపోయిన కథ

ప్రశ్న: కెటిల్ మూత ఎగరడం చూసి జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాన్ని కనిపెట్టాడని మా అబ్బాయి ఎక్కడో చదివాడు. వాట్ పుట్టకముందే ఆ యంత్రం ఉందని వాళ్ల తాతగారు అంటున్నారు. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, మండపేట

జవాబు: తాతగారి మాటే నిజమమ్మా. వాట్ పుట్టింది 1736లో, స్కాట్లాండులోని గ్రీనక్‌లో. 1712 నాటికే ఇంగ్లండులో థామస్ న్యూకొమెన్ యంత్రం గనుల్లో నీళ్లు తోడుతోంది.

నేను బడిలో భౌతికశాస్త్రం చెప్పిన రోజుల్లో ఏటా ఒక ఖాళీ నూనె డబ్బా తెచ్చేవాణ్ణి. అందులో గుక్కెడు నీళ్లు పోసి, మూత తీసి పొయ్యి మీద పెట్టేవాణ్ణి. ఆవిరి బాగా తన్నుకొచ్చాక దించి, మూత బిగించి, చెంబుతో చన్నీళ్లు కుమ్మరిస్తే రేకు ఫటఫటమంటూ లోపలికి నొక్కుకుపోయేది. వెనక బల్లల పిల్లలు లేచి నిలబడేవారు. లోపలి ఆవిరి నీరైపోయి ఖాళీ ఏర్పడుతుంది, బయటి గాలి డబ్బాను నొక్కేస్తుంది. న్యూకొమెన్ యంత్రం పనిచేసిందీ ఇలాగే. ఆవిరి నింపిన సిలిండరులో చన్నీళ్లు చిమ్మితే, బయటి గాలి బరువుకు ముషలకం (పిస్టన్) కిందికి దిగేది.

గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే వాట్ దగ్గరకు 1763–64లో ఆ యంత్రం నమూనా ఒకటి మరమ్మతుకు వచ్చింది. బాగుచేశాడు. అయినా నాలుగు ఊపులు ఊగి ఆగిపోతోంది, బాయిలరులో ఆవిరి చాలడం లేదు. ఇంకొకరైతే అంతటితో వదిలేసేవారు. ఆయన మాత్రం ఆవిరి ఎక్కడికి పోతోందో కొలవడం మొదలుపెట్టాడు. ప్రతి ఊపుకూ చల్లారిన సిలిండరును మళ్లీ వేడెక్కించడానికే ఆవిరిలో ఎక్కువ భాగం ఖర్చవుతోంది. అట్టుకొకసారి పెనాన్ని చన్నీళ్లలో ముంచి తీస్తే ఎన్ని కట్టెలు తగలెయ్యాలో మీకు తెలియనిది కాదు.

1765లో ఒక ఆదివారం, గ్లాస్గో గ్రీన్ మైదానంలో నడుస్తుండగా దారి దొరికింది: ఆవిరిని చల్లార్చడానికి వేరే పాత్ర పెడితే, సిలిండరు ఎప్పుడూ వేడిగానే ఉంటుంది! 1769లో పేటెంటు వచ్చింది. అయితే గుండ్రం చెడని సిలిండరు తొలిచేవారు ఎక్కడ? ఇనుప కార్ఖానాల యజమాని జాన్ విల్కిన్సన్ తొలిచే యంత్రం వచ్చాకే, బర్మింగ్‌హామ్ కార్ఖానాదారు మాథ్యూ బౌల్టన్ భాగస్వామ్యంలో, 1776లో పెద్ద యంత్రాలు నడిచాయి. పాత యంత్రంతో పోలిస్తే గనుల వారికి ఆదా అయిన బొగ్గు ఖరీదులో మూడో వంతే వీరి రుసుము.

మా నాన్నగారు మీ మండపేటలోనే ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరుకు ఊక ఎగదోసేవారు. ఆవిరి గొట్టానికి కొబ్బరి తాడు చుట్టి, పైన తడిమట్టి మెత్తేవారు. ఎందుకని అడిగితే, “లోపలి వేడి లోపలే ఉండాలిరా” అన్నారు. వాట్ పేటెంటులో సిలిండరుకు చెక్క తొడుగు వేయాలన్న మాట చదివినప్పుడు, ఆ మట్టి చేతులే నా కళ్లముందు మెదిలాయి.

ప్రశ్న: మా కొబ్బరితోటలో 5 హెచ్‌పీ మోటారు ఉంది. అంటే ఐదు గుర్రాలా?
– ఒక రైతు, అమలాపురం

జవాబు: హెచ్‌పీ అంటే హార్స్‌పవర్, గుర్రం బలం. గుర్రాలతో పని చేయించుకునే వారికి తన యంత్రం సత్తా తెలియాలని వాట్ వేసిన లెక్క అది. పాతిక కిలోల బియ్యం మూటలు పదింటిని ఒక్క సెకనులో అడుగు ఎత్తు లేపితే సుమారు ఒక గుర్రం. ఈసారి తోటకు వెళ్లినప్పుడు మోటారు రేకు చూడండి, 3.7 కిలోవాట్లు అని కూడా ఉంటుంది. ఆ వాట్ ఆయన పేరే.