పాఠకుల ప్రశ్నలు: సంతకం సరే, తాళం ఎవరిది?

ప్రశ్న: మా ల్యాబ్ కోసం ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టం) ఐఎస్ఓ, అంటే ఇన్‌స్టాల్ చేసే ఫైలు, దించుకున్నాం. డిజిటల్ సంతకాలు సరిచూసే జీపీజీ ప్రోగ్రాంతో చూస్తే ‘గుడ్ సిగ్నేచర్’ అని వచ్చింది, కిందనే వార్నింగ్ కూడా వచ్చింది. ఇన్‌స్టాల్ చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: అప్పుడే వద్దు. సంతకం మీ దగ్గరున్న తాళంతోనే (డిజిటల్ కీ) చేశారని తేలింది గానీ, ఆ తాళం ఉబుంటు వాళ్లదేనని తేలలేదు. వార్నింగ్ చెప్పేది అదే. దాని కింద ‘ప్రైమరీ కీ ఫింగర్‌ప్రింట్’ అని, ఆ తాళాన్ని గుర్తుపట్టే 40 అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. వాటిని ఉబుంటు అధికారిక సైట్లో ఇచ్చిన వాటితో మొదటి నుంచి చివరి దాకా పోల్చండి. ఐఎస్ఓ ఏ మిర్రర్‌లో (అవే ఫైళ్లు ఉంచే నకలు సైటు) దొరికిందో అక్కడే ఫింగర్‌ప్రింట్ కూడా చూస్తే లాభం లేదు. చివరి 8 అక్షరాలు కలిశాయి కదా అని ఊరుకోకండి. అవే 8 వచ్చేలా దొంగ తాళం చేయడం గ్రాఫిక్స్ కార్డుకు క్షణాల పని.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది ఇదే. ఆ సంతకం ఐఎస్ఓ మీద లేదు, ‘షా256సమ్స్’ అనే జాబితా ఫైలు మీద ఉంది; ఐఎస్ఓలోని డేటా నుంచి లెక్కగట్టిన గుర్తు (చెక్‌సమ్) అందులో ఉంటుంది. కాబట్టి మీ ఐఎస్ఓ ఆ గుర్తుతో కలుస్తుందో లేదో చూడటానికి షా256సమ్ కమాండుకు ‘సి’, ‘ఇగ్నోర్ మిస్సింగ్’ ఆప్షన్లు, జాబితా పేరు ఇచ్చి నడపండి. ఐఎస్ఓ పేరు పక్కన ‘ఓకే’ రావాలి. బ్రౌజర్ ఐఎస్ఓ ఫైలు పేరు చివర (1) తగిలించి ఉంటే ‘ఏ ఫైలూ సరిచూడలేదు’ అంటుంది. పాత పేరు పెట్టి మళ్లీ నడపండి.

ప్రశ్న: అదే షా256సమ్స్ జాబితాను జీపీజీతో చూస్తే ఒక సిస్టంలో ‘గుడ్’, ఇంకోదాంట్లో ‘బ్యాడ్ సిగ్నేచర్’ అంటోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: రెండో సిస్టంలో ఎవరో దాన్ని ఎడిటర్లో తెరిచి సేవ్ చేసి ఉంటారు. లైన్ల చివర కంటికి కనపడని ఒక్క బైటు మారినా సంతకం చెల్లదు. జాబితా ఒక వెర్షన్‌ది, సంతకం ఇంకో వెర్షన్‌ది అయినా ఇంతే. రెండూ ఒకేచోటి నుంచి మళ్లీ దించుకోండి, అప్పుడూ ‘బ్యాడ్’ వస్తే వాడొద్దు. ‘నో పబ్లిక్ కీ’ వస్తే మాత్రం ఫైలు చెడినట్టు కాదు, తాళం ఇంకా మీ దగ్గరికి రాలేదంతే.

ఐఎస్ఓను పెన్‌డ్రైవ్‌లో మోస్తుంటే ఫ్యాట్32 ఫార్మాట్ వద్దు, 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు.

ప్రశ్న: పాత కంప్యూటర్లో జీపీజీ ‘తాళం భవిష్యత్తులో తయారైంది’ అంటోంది!
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: గడియారం వెనక్కి పోయింది. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మార్చి, తేదీ సరిచేసి, మళ్లీ వెరిఫై చేయండి. టైం తేడాను పట్టించుకోవద్దనే ఆప్షన్ జీపీజీలో ఉంది గానీ, దాని జోలికి పోకండి. తేదీ తప్పుంటే గడువు తీరిన తాళం కూడా చెల్లినట్టే కనిపిస్తుంది.