కాలిన గాయానికి ఆకుపచ్చ మరక: డ్రెస్సింగ్ కన్నా ముందు కల్చర్ పరీక్ష

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 58 ఏళ్లు. షుగరు ఉంది. 12 రోజుల కిందట గంజి వారుస్తుండగా ఎడమ పాదం మీద ఒలికింది. బొబ్బలు చితికి పుండు పడింది. నొప్పి పెద్దగా లేదు గానీ, కట్టు విప్పితే గుడ్డకు ఆకుపచ్చ మరక, ఏదో వాసన. మెడికల్ షాపులో ఇచ్చిన అమాక్సిసిలిన్-క్లావులానిక్ యాసిడ్ మాత్రలు అయిదు రోజులు వాడి, తగ్గకపోతే మళ్లీ తెచ్చాం. పైన యాంటీబయాటిక్ పౌడరు చల్లుతున్నాం. గాయంలోకి మందును కొద్దికొద్దిగా వదిలే కొత్త డ్రెస్సింగులు వచ్చాయని చదివాను. ఎక్కడ దొరుకుతాయి? ఇంట్లో వేయవచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నొప్పి పెద్దగా లేదని మీరు ఊరటగా రాశారు. నన్ను కలవరపెట్టింది ఆ మాటే. కాలిన గాయం లోతుగా దిగితే నరాల చివరలు కూడా కాలిపోయి నొప్పి తెలియదు. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శే తగ్గి ఉండవచ్చు. పైగా గంజి నీళ్లలా జారిపోదు, చర్మానికి అంటుకుని వేడిని అక్కడే నిలుపుతుంది. అందుకే ఆ గాయాలు చూపుకన్నా లోతుగా ఉంటాయి. గాయాన్ని చూడకుండా లోతు ఇంత అని నేను చెప్పలేను. సర్జన్ చూడాలి. రేపు కాదు, ఈ రోజే.

ఇక ఆ ఆకుపచ్చ మరక. వాసనతో కలిపి చూస్తే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాను అనుమానించాలి. గాయం నుంచి నమూనా తీసి, అందులో ఏ క్రిమి పెరుగుతోందో చూసే కల్చర్ పరీక్షలోనే ఖాయమవుతుంది. అదే అయితే మీరు వాడుతున్న మాత్రలకు అది లొంగదు. రెండో కోర్సు కాదు, పది కోర్సులు మింగించినా అంతే. ఈలోగా కడుపులోని మంచి బ్యాక్టీరియా దెబ్బతింటుంది, మందులకు లొంగనివి బలపడతాయి. షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్‌తో వచ్చే చిక్కే ఇది. ఏ క్రిమి అన్నది ఎవరికీ తెలియదు, మందు మాత్రం మొదలైపోతుంది. మీకు అమ్మ మీద ప్రేమ లేక కాదు, తెలుసు. కానీ ఈ ప్రేమ మొదటి రోజే ఆసుపత్రి దారి పట్టి ఉంటే బాగుండేది. పౌడరు కూడా ఆపండి. రసితో కలిసి అట్టకట్టి, అడుగున ఏం జరుగుతోందో కనిపించనివ్వదు.

మీరు అడిగిన డ్రెస్సింగుల వెనక ఉన్న ఆలోచన మంచిదే. కాలిపోయి చచ్చిన చర్మానికి రక్తప్రసరణ ఉండదు కాబట్టి మాత్రగానో ఇంజెక్షన్‌గానో ఇచ్చిన మందు అక్కడికి సరిగా చేరదు. చెరువు మీద పాచిలా బ్యాక్టీరియా గాయంపై పొర కట్టుకుంటే మరీ కష్టం. అందుకని కొల్లాజెన్, కైటోసాన్, ఆల్జినేట్ వంటి జీవపదార్థాల్లో మందును నింపి గాయం మీదే విడుదలయ్యేలా చేస్తున్నారు. వెండి కలిపిన డ్రెస్సింగులు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి, వాటిలో కొన్నింటిని రోజూ మార్చనక్కర్లేదు. యాంటీబయాటిక్ నింపిన రకాల్లో చాలావరకు ఇంకా పరిశోధన దశలోనివే. మందు మొదటి గంటల్లోనే బయటికి వచ్చేసి, తర్వాత చాలీచాలని మోతాదు మిగలడం వాటిలో తరచూ ఎదురయ్యే ఇబ్బంది. చాలీచాలని మోతాదు మళ్లీ మొండి బ్యాక్టీరియానే పెంచుతుంది. జెంటామైసిన్ లాంటి మందు పెద్ద గాయం నుంచి రక్తంలోకి చేరితే కిడ్నీల గురించీ ఆలోచించాలి. షుగరు ఉన్నవారి విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. మామూలు కొల్లాజెన్ షీటు కొని ఇంట్లో అంటించకండి. శుభ్రమైన తాజా గాయానికి అది బాగా పనికివస్తుంది. చీము పట్టిన గాయం మీద వేస్తే చీము దాని కిందే నిలిచి లోపలికి పాకుతుంది. ఏ డ్రెస్సింగ్ అయినా చచ్చిన చర్మాన్ని తీసి, గాయాన్ని కడిగాకే. ఆ పని ఆసుపత్రిలో చేయాలి.

వెళ్లేటప్పుడు మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లండి. కల్చర్‌కు నమూనా ఇచ్చేముందు అవి ఎప్పటి నుంచి వాడుతున్నారో చెప్పండి. సల్ఫా మందులు పడవని ఎప్పుడైనా తేలి ఉంటే అదీ చెప్పాలి, కాలిన గాయాలకు రాసే తెల్లటి సిల్వర్ సల్ఫాడయాజిన్ క్రీములో సల్ఫా ఉంటుంది. టీటీ ఇంజెక్షన్ వేయించారో లేదో మీరు రాయలేదు. షుగరు ఎంత ఉందో కూడా రాయలేదు. రెండూ ఈ రోజే తేల్చుకోండి. మూడు వారాలకు మానేలా కనిపించకపోతే చర్మం అతికించాల్సి రావచ్చు, అందుకే ప్లాస్టిక్ సర్జన్ ఉన్నచోటికి వెళ్తే మేలు. ఈలోగా చలిజ్వరం, మగత, ఆయాసం, మూత్రం తగ్గడం, కాలి మీదికి ఎరుపు పాకడం వీటిలో ఏది కనిపించినా ఓపీ సమయం కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.