టెక్ సందేహాలు: బొమ్మ ఉంది, రంగులు లేవు

సందేహం: పాత డీవీడీ ప్లేయర్‌ని కొత్త టీవీకి కలిపాను. మాటలు బాగానే వినిపిస్తున్నాయి, బొమ్మ మాత్రం బ్లాక్ అండ్ వైట్‌లో వస్తోంది. టీవీ వెనక పసుపు సాకెట్ లేదు. దాంతో పసుపు పిన్నును ఆకుపచ్చ సాకెట్లో పెట్టాను. టీవీ పాడైందంటారా?

జవాబు: పాడవలేదు, టెన్షన్ పడకండి. ఈ వైర్లలో వచ్చే వీడియో సిగ్నల్ సుమారు 1 వోల్టే. తప్పు సాకెట్లో పెడితే బొమ్మ చెడుతుంది తప్ప టీవీకేమీ కాదు.

నిజానికి మీరు పెట్టిన చోటు సరైనదే కావచ్చు. చాలా టీవీల్లో ఆ ఒక్క సాకెట్‌తోనే ఆకుపచ్చ వైరు పని, పసుపు వైరు పని రెండూ చేయిస్తారు. టార్చి వేసి దాని పక్కన చూడండి. 'వై/వీడియో' అని చిన్న అక్షరాలుంటాయి, లేదా రంధ్రం చుట్టూ సగం ఆకుపచ్చ, సగం పసుపు కనిపిస్తుంది. అలా ఉంటే వైరు కదపక్కర్లేదు. రిమోట్‌లో సోర్స్ నొక్కి 'కాంపోనెంట్' (ఆకుపచ్చ, నీలం, ఎరుపు వైర్ల పద్ధతి) తీసేసి 'ఏవీ' (పసుపు వైరు పద్ధతి) పెట్టండి.

పసుపు వైరులో (దీన్నే కాంపోజిట్ అంటారు) వెలుగూ రంగూ ఒకే తీగలో కలిసి వస్తాయి. కాంపోనెంట్‌లో ఆకుపచ్చ వైరు వెలుగును మోస్తే, రంగుల సమాచారం నీలం, ఎరుపు వైర్లలో వస్తుంది. కాంపోనెంట్ మోడ్‌లో ఉన్న టీవీ రంగుల కోసం ఆ రెండు సాకెట్లే చూస్తుంది. అవి ఖాళీ కాబట్టి బ్లాక్ అండ్ వైట్ బొమ్మే మిగులుతుంది.

స్క్రీన్ దగ్గరికి వెళ్లి, ముదురు రంగు బట్టలుండే చోట పరిశీలనగా చూడండి. సన్నటి చుక్కల వల లాంటిది కనిపిస్తే, టీవీ గుర్తుపట్టని రంగు సిగ్నలే అలా చుక్కలుగా పడుతోందన్నమాట. చుక్కలు లేకుండా శుభ్రమైన బ్లాక్ అండ్ వైట్ వస్తోందా? అయితే ప్లేయర్ వైపు కూడా చూడండి. వైరు అక్కడ కాంపోనెంట్ ఆకుపచ్చలో ఉండి ఉంటుంది. దాన్ని పసుపులోకి మార్చాలి.

'ఏవీ' పెట్టినా రంగులు రాకపోతే ప్లేయర్ సెటప్ మెనూలో పాల్, ఎన్‌టీఎస్‌సీ (రంగుల సిగ్నల్ పంపే రెండు వేర్వేరు పద్ధతులు) సెట్టింగ్ మార్చి చూడండి. పాల్ రంగు సిగ్నల్ సాధారణంగా 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర, ఎన్‌టీఎస్‌సీది 3.58 దగ్గర ఉంటుంది. ఒకటే తెలిసిన టీవీకి రెండోది పంపితే రంగులు పోతాయి, బొమ్మ పైకీ కిందికీ దొర్లవచ్చు కూడా. ఆ మెనూలోనే 'ప్రోగ్రెసివ్' ఆన్‌లో ఉంటే ఆపేయండి. అది పసుపు వైరులో పనిచేయదు.

సందేహం: చిన్న మీడియా ప్లేయర్‌కి ఒకవైపు 3.5 ఎంఎం పిన్ను, రెండోవైపు మూడు రంగుల పిన్నులు ఉన్న కేబుల్ పెట్టాను. బొమ్మ రాలేదు సరికదా, స్పీకర్లో బర్రుమని మోత. కేబుల్ పోయిందా?

జవాబు: ఆ మోతే అసలు ఆధారం. అది మీ వీడియో సిగ్నల్! ఆడియో సాకెట్లోకి వెళ్లిపోతోంది. ఎరుపు పిన్నును టీవీ పసుపు సాకెట్లోకి, పసుపును ఎరుపులోకి మార్చి చూడండి. చాలామందికి దీంతోనే పనైపోతుంది.

3.5 ఎంఎం పిన్ను మీద మూడు నల్ల వలయాలు, వాటి మధ్య నాలుగు లోహపు భాగాలు ఉంటాయి. వీడియో ఏ భాగంలో రావాలో కంపెనీలన్నీ ఒకే పద్ధతి పాటించలేదు. నా దగ్గర ఇలాంటివి రెండు కేబుళ్లున్నాయి. పైకి చూస్తే కవలల్లా ఉంటాయి. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఒకదానిలో పసుపు పిన్ను అన్నిటికంటే వెనక ఉన్న భాగానికి, రెండోదానిలో కొన నుంచి రెండో భాగానికి కలిసి ఉంది. పిన్నులు మార్చినా ఫలితం లేకపోతే గ్రౌండ్ (సిగ్నళ్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే తీగ) చోటే వేరన్నమాట. అప్పుడు ఆ ప్లేయర్‌కి సరిపోయే కేబులే కావాలి.

సందేహం: లాప్‌టాప్ వీజీఏ నుంచి టీవీ పసుపు సాకెట్‌కి కలిపే కేబుల్ కొంటే బొమ్మ వస్తుందా?

జవాబు: ఉత్త కేబుల్ కొనకండి. వీజీఏలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం సిగ్నళ్లు మూడు తీగల్లో, బొమ్మలోని ఒక్కో గీత, ఒక్కో ఫ్రేమ్ ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే సింక్ మరో రెండు తీగల్లో వస్తాయి. వాటన్నిటినీ ఒకే సిగ్నల్‌గా కలపడం, గీతలు వచ్చే వేగం టీవీకి తగ్గట్టు తగ్గించడం తీగ వల్ల కాదు. లోపల సర్క్యూట్ ఉండి, కరెంటుతో పనిచేసే కన్వర్టర్ కావాలి. టీవీకి వీజీఏ సాకెట్ ఉంటే అదీ అక్కర్లేదు, మామూలు వీజీఏ కేబుల్ చాలు. అక్షరాలు కూడా ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి.